641తో భాగించి చూసిన ఆయిలర్

ఈసారి మన గోడపత్రికలో లెక్కల మహానుభావుడు లియొనార్డ్ ఆయిలర్ గురించి రాస్తున్నాను. ఆయన చేసిన పనులు చాలా ఉన్నాయి. నాకు మాత్రం 4294967297 అనే ఒక్క సంఖ్యతో ఆయన చేసిన పని అన్నిటికన్నా నచ్చింది. ఈ సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణంలో పుట్టాడు. తండ్రి చర్చిలో పాస్టరు. కొడుకు కూడా పాస్టరే కావాలని ఆయన కోరిక. కానీ కుర్రాడి మనసంతా లెక్కల మీదే. యోహాన్ బెర్నౌలీ అనే గొప్ప గణితవేత్త దగ్గరికి ప్రతి శనివారం వెళ్ళి, అర్థంకానివి అడిగి తెలుసుకునేవాడు. చివరికి బెర్నౌలీయే తండ్రిని ఒప్పించాడు. 1727లో ఆయిలర్ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి అక్కడి సైన్సు అకాడమీలో చేరాడు.

ఇక సంఖ్య సంగతి. 2ని 2తో గుణిస్తే 4. 4ని 4తో గుణిస్తే 16. అలాగే పోతే 256, 65536 వస్తాయి. వీటన్నిటికీ ఒకటేసి కలిపితే 3, 5, 17, 257, 65537. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగం పోవు. ఫ్రాన్సు దేశపు ఫెర్మా 1640లో, ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. రుజువు మాత్రం దొరకలేదు. 65537 తరవాత వచ్చేదే మన 4294967297.

1729లో గోల్డ్‌బాక్ అనే స్నేహితుడు ఈ విషయం గురించి ఆయిలర్‌కి ఉత్తరం రాశాడు. ఫెర్మా అంతటివాడు చెప్పాడు కదా అని ఆయిలర్ ఊరుకోలేదు. 1732లో ఆ సంఖ్య 641తో భాగం పోతుందని చూపించాడు. 92 ఏళ్ళ మాట ఒక్క భాగహారంతో పోయింది!

ఇందులో కిటుకు కూడా ఆయనే తరవాత చెప్పాడు. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే మనకు కావలసింది. నేను నోటుబుక్కులో చేసి చూశాను. భాగఫలం 6700417, శేషం సున్నా. మధ్యలో రెండు సున్నాలు పెట్టాలి, మరిచిపోకండి.

ఆయిలర్‌కి 1738 ప్రాంతంలో కుడికన్ను చూపు పోయింది. 1741లో బెర్లిన్ వెళ్ళి, 1766లో తిరిగి రష్యా వచ్చాక రెండో కన్ను కూడా పోయింది. 1771లో ఇల్లు కాలిపోయింది. అయినా లెక్కలు మానలేదు. ఆయన మనసులో చేసి చెబుతుంటే కొడుకులూ శిష్యులూ రాసేవారు. 1772లో 2147483647 ప్రధాన సంఖ్యే అని తెలియజేశాడు. 1783 సెప్టెంబరు 18న, 76వ ఏట చనిపోయాడు.

ఫెర్మా వరసలో 65537 తరవాత ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. కాబట్టి తమ్ముళ్ళారా, పెద్దవాళ్ళని గౌరవిద్దాం. లెక్క మాత్రం మనమే చేసి చూసుకుందాం. భాగహారం వస్తే చాలు, ఐదో తరగతి పిల్లాడైనా ఫెర్మా మాటని సరిచూడొచ్చు.