ముప్పై నాలుగేళ్ల వరుడు పునీత లూయీ మార్టిన్



గులాబీలు చేతబట్టిన చిన్న తెరేజమ్మ స్వరూపాన్ని ఎరుగని కతోలిక కుటుంబం మన విచారణలలో ఉండదు. ఆమె తండ్రి లూయీ మార్టిన్ కూడా పునీతుడేనని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాని ఆయన ముప్పై నాలుగేళ్లు నిండేవరకు పెళ్లి లేకుండా ఉండిపోయారని, ఆయన తల్లి మన తల్లుల మాదిరిగానే కొడుకు ఒంటరితనం చూసి బెంగపడిందని ఎందరికి తెలుసు? ఈ వారం ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయనకు తోడు దొరికిన తీరును మీ ముందుంచుతున్నాను.

లూయీ 1823 ఆగస్టు 22న ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో జన్మించారు. తండ్రి సైన్యంలో కెప్టెన్. ఆయన పదవీ విరమణ తరువాత కుటుంబం 1831లో అలాన్సోన్ అనే పట్టణానికి వచ్చి స్థిరపడింది. లూయీకి తండ్రి వృత్తి మీద మనసు పోలేదు. ఓర్పు, ఏకాంతం కావలసిన గడియారాల పని నేర్చుకున్నారు. రెన్, స్ట్రాస్‌బర్గ్ నగరాలలో ఆ పనిలో శిక్షణ పొందారు.

ఆ రోజులలోనే ఆయనకు మఠంలో చేరాలనే కోరిక కలిగింది. ఆల్ప్స్ పర్వతాల మీద, దాదాపు 2,470 మీటర్ల ఎత్తున, గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ మఠం ఉన్నది. మంచులో దారి తప్పిన బాటసారులను వెదకి కాపాడటం ఆ మఠవాసులకు పేరు తెచ్చిన సేవ. ఇరవై రెండేళ్ల వయసులో లూయీ అక్కడికి వెళ్లి తలుపు తట్టారు. లాటిను భాష రాదు గనుక నేర్చుకుని రమ్మని మఠాధిపతి తిప్పి పంపారు. ఇంటికి వచ్చి డబ్బిచ్చి పాఠాలు చెప్పించుకున్నారు. ఇంతలో ఆరోగ్యం దెబ్బతిన్నది, చదువు ఆగిపోయింది. పారిస్ వెళ్లి గడియారాల పనిలో మిగిలిన మెలకువలు నేర్చుకుని, 1850లో అలాన్సోన్‌లో సొంత దుకాణం తెరిచారు. తరువాత నగల వ్యాపారం కూడా దానికి కలిపారు.

అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. ఆ తరువాత ఎనిమిదేళ్లు అలాగే గడిచాయి. తల్లిదండ్రులు ఆయనతోనే ఉన్నారు. ఆ ఎనిమిదేళ్లు ఆయన ఎలా బ్రతికారో, పెళ్లి కుదరక దిగులుపడుతున్న యువతీ యువకులు గమనించండి. ప్రతి ఉదయం దివ్యబలిపూజకు వెళ్లేవారు. కతోలిక మిత్రులతో కలిసి కూర్చునేవారు, పేదలకు సాయపడేవారు. చేపలు పట్టడం ఆయనకు మహా ఇష్టం. పట్టిన చేపలను తరచు క్లారా సభ కన్యల మఠానికి ఇచ్చి వచ్చేవారు. పట్టణంలో ఒక చిన్న గోపురం వంటి ఇల్లు, తోట కొనుక్కుని, ఆ తోటలో మరియమాత స్వరూపం నిలిపారు. ఆదివారం నాడు దుకాణం మూసేవారు. పల్లెటూళ్ల జనం ఆదివారమే బజారుకు వస్తారు, పక్క తలుపైనా తెరిచి ఉంచమని మిత్రులు నచ్చజెప్పినా ఆయన వినలేదు. ఆదివారం ప్రభువుది అనే నియమాన్ని లాభం కోసం వదులుకోలేదు.

ఇక వధువు సంగతి. జేలీ గేరిన్ 1831 డిసెంబరు 23న జన్మించింది. లూయీ కంటే ఎనిమిదేళ్లు చిన్న. ఆమె కూడా మఠ జీవితాన్నే కోరుకుంది. అలాన్సోన్‌లోని ఆసుపత్రిలో సేవ చేసే పునీత విన్సెంట్ దె పాల్ సభ కన్యలను ఆశ్రయించగా, వారి పెద్దమ్మగారు ఆమెను చేర్చుకోలేదు. జేలీ ఏడ్చింది గాని అలిగి దేవునికి దూరం కాలేదు. మఠంలో చేరే భాగ్యం లేకపోతే వివాహమాడతానని, తనకు చాలామంది బిడ్డలను ఇచ్చి వారందరినీ దేవుడు తన సేవకు తీసుకోవాలని ప్రార్థించింది. తన బ్రతుకుతెరువుకు, ఆనాటి ఫ్రాన్సులోనూ ఉన్న కట్నానికి కావలసిన సొమ్ము తానే సంపాదించుకోవాలని అలాన్సోన్ లేసు పనిలో దిగింది. ఇది మన నర్సాపురం ప్రాంతంలో కొక్కెపు సూదితో అల్లే లేసు వంటిది కాదు. సన్నని దారంతో, మామూలు సూదితో, ముక్కలు ముక్కలుగా కుట్టి, అతుకు కనబడకుండా కలపాలి. ఇరవై రెండేళ్లకే ఆమె సొంత వ్యాపారం మొదలుపెట్టింది. ఇళ్ల వద్ద లేసు కుట్టే స్త్రీలకు పని ఇచ్చి, వారు గురువారం నాడు తెచ్చిన ముక్కలను తానే కలిపి పూర్తిచేసేది.

అదే పట్టణం. ఇద్దరూ నిత్యం పూజకు వెళ్లేవారే. అయినా ఒకరినొకరు ఎరుగరు! వారి పరిచయానికి దారి తీసింది లూయీ తల్లి. ఆమె లేసు నేర్చుకోవడానికి వెళ్లిన చోట జేలీని చూసిందని చెబుతారు. ఆ పిల్ల పనితనం, నెమ్మది, భక్తి చూసి, తన కుమారునికి తగినదని ఆ తల్లి మనసులో అనుకుంది. ఇంతలో 1858 ఏప్రిల్‌లో ఒకనాడు జేలీ పునీత లియొనార్డు వంతెన దాటుతుండగా ఒక యువకుడు ఎదురయ్యాడు. అతని గంభీరమైన ముఖం, నడక ఆమెను ఆకట్టుకున్నాయి. దేవుడు తనకోసం సిద్ధపరచినవాడు ఇతడేనని ఆమె అంతరంగంలో ఒక మాట వినబడినట్లయింది. కొద్ది రోజులలోనే ఇద్దరికీ పరిచయమైంది. మూడు నెలలు తిరగకముందే, 1858 జూలై 13న, అర్ధరాత్రి వేళ అలాన్సోన్ మరియమాత దేవాలయంలో నిరాడంబరంగా వారి వివాహం జరిగింది.

వంతెన కథ విని, మనకూ అంతరంగంలో మాట వినబడాలని ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. ఆ మాటకు ముందు ఒక తల్లి కళ్లు తెరిచి వెదికింది. ఆమె ముందుగా చూసింది అమ్మాయి ఆస్తిని కాదు, నడవడిని. మన పెద్దలు చేయవలసిన పని ఇదే.

పెళ్లయిన తరువాత అంతా తేలికగా సాగిందనుకోకండి. పెళ్లినాడే జేలీ ల మాన్స్ పట్టణంలోని మఠంలో చేరిన తన అక్కను చూడటానికి వెళ్లి, తనకు దక్కని ఆ జీవితాన్ని తలచుకుని ఎంతో ఏడ్చింది. లూయీ ఆమె దుఃఖాన్ని అర్థం చేసుకున్నారు. ఆయన మనసులోనూ అదే కోరిక ఒకప్పుడు ఉండేది కదా! పది నెలలు వారు అన్నాచెల్లెళ్ల వలె జీవించారు. ఆ తరువాత ఒక గురువు హితవు మేరకు దాంపత్య జీవితాన్ని, సంతానాన్ని దేవుని వరంగా స్వీకరించారు. తొమ్మిదిమంది బిడ్డలు కలిగారు. 1867 నుండి 1870 వరకు నాలుగేళ్లలో నలుగురు బిడ్డలను భూమికి అప్పగించవలసి వచ్చింది. ఆ నలుగురిలో ఎలెన్ అనే ఐదేళ్ల పాప కూడా ఉంది. అటువంటి రోజులలో భార్యాభర్తలను నిలబెట్టేది ఏమిటి? జీతమా? అందచందాలా? ఇద్దరూ ఒకే దేవుని ముందు మోకరించగలగడమే వారిని నిలబెట్టింది. ఒకరు ప్రార్థిస్తుంటే మరొకరు ఎగతాళి చేసే ఇంట్లో ఆ శోకం ఇంకెంత బరువయ్యేదో ఆలోచించండి.

లూయీ భార్య పనిని చిన్నచూపు చూడలేదు. ఆమె వ్యాపారం పెరగగా 1870లో తన గడియారాల దుకాణాన్ని మేనల్లునికి అప్పగించి, ఆమె లెక్కలు, సరుకుల ఆర్డర్లు, ప్రయాణాలు తాను చూసుకున్నారు. జేలీ వ్రాసిన ఉత్తరాలు రెండు వందలకు పైగా నేటికీ ఉన్నాయి. తన భర్త పుణ్యాత్ముడని, అటువంటి భర్త స్త్రీలందరికీ దొరకాలని వాటిలో ఒకచోట ఆమె చెప్పుకున్నది.

1877 ఆగస్టు 28న రొమ్ము క్యాన్సరుతో జేలీ కన్నుమూసింది. చివరి బిడ్డ తెరేజాకు అప్పటికి నాలుగేళ్లు. లూయీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తల్లిలేని ఐదుగురు ఆడబిడ్డలకు మేనమామ కుటుంబం అండగా ఉంటుందని, తనకు అలవాటైన ఊరు వదిలి లిసియూకు మారారు. ఒక్కొక్క కుమార్తె మఠానికి వెళతానంటే కన్నీటితోనే అనుమతించారు. తాను యువకునిగా కోరుకుని పొందలేని జీవితంలోకి బిడ్డలను తానే పంపారు. చివరికి ఐదుగురూ మఠకన్యలయ్యారు. వృద్ధాప్యంలో మతి చలించే జబ్బు సోకి, 1889 నుండి మూడేళ్లు కాన్ నగరంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో గడపవలసి వచ్చింది. ఆ అవమానాన్ని కూడా దేవునికి సమర్పించుకున్నారు. 1894 జూలై 29న తన డెబ్బై ఏళ్ల వయసులో ప్రభువును చేరుకున్నారు. శ్రీసభ ఆ దంపతులను 2008 అక్టోబరు 19న ధన్యులుగా ప్రకటించింది. 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిస్ పోపుగారు వారిద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలను జంటగా ఒకేసారి పునీతుల పట్టంలో చేర్చడం శ్రీసభలో అదే మొదటిసారి.

ఇప్పుడు మన ఇళ్ల సంగతికి వద్దాం. కతోలిక సంబంధం దొరకడం లేదని తల్లిదండ్రులు అంటారు. నిజమే, మనం కొద్దిమందిమి. అయితే ఆ కొద్దిమందిలో మళ్లీ కులం చూసి సగం మందిని, కట్నం చూసి మిగిలిన సగంలో సగం మందిని, ఉద్యోగం చూసి ఇంకొందరిని తీసివేసి, చివరకు ఎవరూ లేరని దేవుని మీద నెపం వేయడం న్యాయమా? ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించేవారు పెళ్లి మాట రాగానే వేరువేరు జాతులైపోవడం క్రీస్తు శరీరాన్ని చీల్చడమే. లూయీ, జేలీ ఒకే పట్టణంలో ఉండి కూడా ఒకరినొకరు ఎరుగనట్లే, పక్క విచారణలోనే తగిన పిల్ల, తగిన పిల్లవాడు ఉండవచ్చు. యువజన సంఘాలు, మరియమాత సైన్యం, గాయక బృందాలు, మేత్రాసన ఉత్సవాలు మన పిల్లలు ఒకరినొకరు మర్యాదగా ఎరిగే చోట్లు కావాలి. సంబంధం గురించి మీ విచారణ గురువులకు, ఉపదేశికి చెప్పడానికి సిగ్గుపడవద్దు.

పెళ్లి తంతు కోసం నెల రోజులలో జ్ఞానస్నానం ఇప్పించి, ఆ తరువాత గుడి ముఖం చూడని సంబంధాలను విశ్వాసంలో ఏకమైన వివాహాలని పిలవలేం. ఇతర సంఘాల క్రైస్తవులతో వివాహానికి శ్రీసభ అనుమతి, జ్ఞానస్నానం లేనివారితో వివాహానికి మినహాయింపు తీసుకోవాలి. తన విశ్వాసాన్ని కాపాడుకుంటానని, బిడ్డలకు కతోలిక జ్ఞానస్నానం, శిక్షణ ఇవ్వడానికి చేతనైనంత చేస్తానని కతోలిక పక్షం మాట ఇవ్వాలి. ఈ మాట కాగితం మీద సంతకంగా మిగిలిపోకూడదు. ఇప్పటికే అటువంటి వివాహంలో ఉన్నవారు అధైర్యపడవద్దు. పునీత మోనికమ్మ భర్త ఆమె ఓర్పు వలన తన చివరి రోజులలో జ్ఞానస్నానం పొందాడు. కాని ఆమె మోసిన సిలువ బరువు తెలిసిన తల్లి ఎవరూ తన కూతురికి ఆ బరువును కోరి తలకెత్తదు.

ముప్పై దాటినా పెళ్లి కాలేదని చుట్టాల మాటలు పడుతున్న యువతీ యువకులారా! మీ జీవితం ఇంకా మొదలు కాలేదని ఎవరన్నా నమ్మకండి. లూయీ తన తోటలో ప్రార్థించిన ఏళ్లు, పేదలకు పంచిన ఏళ్లు వృథా పోలేదు. జేలీ వంతెన మీద ఎదురైన మనిషిలో చూసి మెచ్చుకున్న గాంభీర్యం ఆ ఏళ్లలో తయారైనదే. తోడు దొరికినా, దేవుడు మరో దారి చూపినా, మీరు ఇప్పుడు ప్రార్థనలో, పనిలో, శీలంలో కట్టుకుంటున్న ఇల్లు నిలుస్తుంది. మీకు రావలసిన వ్యక్తి దేవుని ఎరిగినవారై ఉండాలని కోరుకోండి. అంతకంటే ముందు మీరు అటువంటి వ్యక్తి కండి.

పునీత లూయీ, జేలీ దంపతులారా, మా బిడ్డల కొరకు, మా కుటుంబాల కొరకు ప్రార్థించండి.