బెర్తా బెంజ్

జర్మనీ దేశమున ఫోర్ట్‌సైమ్ అను పట్టణమున 1849వ సంవత్సరము మే నెల 3వ తేదీన బెర్తా రింగర్ జన్మించెను. ఆమె తండ్రి కట్టడములు కట్టించి ధనమార్జించినవాడు. పుత్రుని కోరుకొనుచున్న ఆయన, మరల ఆడపిల్లయే పుట్టినదని ఇంటి బైబిలులో విచారముతో వ్రాసికొనెనని చెప్పుదురు. ఆ బిడ్డకు బాల్యమునుండియు యంత్రములన్న మిక్కిలి మక్కువ.

యుక్తవయస్సున ఆమెకు కార్ల్ బెంజ్ అను ఇంజనీరుతో పరిచయమయ్యెను. అతడు పేదవాడు. రెండేండ్ల ప్రాయముననే తండ్రిని పోగొట్టుకొని, తల్లి కష్టముతో చదివింపగా కార్ల్స్‌రూ నగరమున చదువు ముగించినవాడు. 1871లో మాన్‌హైమ్ నగరమున మరియొకనితో కలిసి ఒక చిన్న కర్మశాలను నెలకొల్పెను గాని, ఆ భాగస్వామితో పొత్తు కుదరలేదు. అప్పుడు బెర్తా తన కట్నపు సొమ్మును వివాహమునకు ముందే తండ్రినుండి అడిగి తీసికొని, ఆ భాగస్వామి వాటాను కొనివేయించెను. కాబోవు భర్త యింకను ఏమియు సాధింపకముందే ఆమె తన సర్వస్వమును అతని పనిపై పెట్టినది. 1872 జూలైలో వారికి వివాహమయ్యెను.

పిమ్మట చాలకాలము లేమితోనే గడచెను. అప్పులు పెరిగెను, పిల్లలును పెరిగిరి. 1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి, ఎంతకాలమునుండియో మొరాయించుచున్న యంత్రము దంపతుల కన్నులయెదుట తొలిసారి ఆగక తిరిగెను. బండిని లాగగల యంత్రము సిద్ధమగుటకు మరియారేండ్లు పట్టెను. 1886 జనవరి 29న కార్ల్ తన మూడుచక్రముల మోటారుబండికి హక్కుపత్రము కోరి దరఖాస్తు చేసెను.

బండి సిద్ధమయ్యెను గాని కొనువారు లేరు. గుఱ్ఱము లేక కదలు బండిని చూచి జనులు బెదరిరి, కొందరు నవ్విరి. కార్ల్ గొప్ప పనివాడేగాని, తన పనిని నలుగురిలో చాటుకొను నేర్పు లేనివాడు. దోషములింకను కలవని, సవరింపవలెనని, బండిని కర్మశాలలోనే ఉంచుచుండెను. ఈ విధముగా ఇల్లు గడచుటెట్లు?

1888 ఆగస్టులో ఒకనాటి వేకువజామున, భర్త నిద్రించుచుండగా, బెర్తా తన కుమారులగు ఐగెన్, రిచర్డులతో బండిని మెల్లగా బయటికి తీసెను. ఫోర్ట్‌సైమ్‌లోనున్న పుట్టింటికి పోవలెనని ఆమె సంకల్పము. దూరము నూరు కిలోమీటర్లకు పైబడియుండెను. అంతవరకు మోటారుబండి అంత దూరము పోయియుండలేదు.

త్రోవలో ఇంధనము అయిపోయెను. ఆనాడు పెట్రోలు బంకులెక్కడివి? వీస్‌లోఖ్ అను ఊరి మందుల అంగడిలో, మరకలు తుడుచుటకమ్ము లిగ్రోయిన్ అను ద్రవమును కొని పోసికొనిరి. ఇంధనపు గొట్టము పూడుకొనగా ఆమె తన టోపీసూదితో పొడిచి శుభ్రపరచెను. ఒక తీగ ఒరిపిడికి లోనుకాగా తన మేజోడు పట్టీని దానికి చుట్టెను. యంత్రమును చల్లబరచు నీరు ఆవిరియై పోవుచుండుటచే ఊరూర నీరు తెచ్చి పోయవలసివచ్చెను. ఇవన్నియు ఓర్పుతో తీరెడి చిక్కులే. తీరని చిక్కు మిట్టలకడ ఎదురయ్యెను.

ఏటవాలు త్రోవపై బండి నిలిచిపోయెను. ఒకరు చుక్కాని పిడిని పట్టగా, మిగిలిన ఇద్దరును వెనుకనుండి చెమటలోడ్చుచు నెట్టిరి.

ఎద్దునకును ఇట్టి యంత్రమునకును గొప్ప భేదము కలదు. బరువుబండి బురదలో దిగబడినపుడు ఎద్దు కదలకయే తన బలమంతయు చూపగలదు. పెట్రోలు యంత్రము అట్లు చేయజాలదు. అది వడిగా తిరుగుచున్నంతవరకే దాని సత్తువ. వడి తగ్గినకొలది నిమిషమునకు జరుగు ప్రేలుడుల సంఖ్య తగ్గును. మరికొంత తగ్గినచో యంత్రమే ఆగిపోవును. మిట్టపై బండి నెమ్మదించినపుడు, దానితో ముడివడియున్న యంత్రమును నెమ్మదించును. బలము మిక్కిలి కావలసినచోటనే బలము సన్నగిల్లును!

దీనికి ఉపాయము పండ్లచక్రములలో, అనగా గేరులలో, కలదు. 16 పండ్లుగల చిన్న చక్రము 48 పండ్లుగల పెద్ద చక్రమును త్రిప్పుచున్నదనుకొనుడు. చిన్నది మూడుమారులు తిరిగినగాని పెద్దది ఒకమారు తిరుగదు. వేగము మూడవవంతగును, త్రిప్పు బలము, రాపిడికి పోయినది పోగా, ఇంచుమించు మూడింతలగును. ఇది ఊరక వచ్చిన లాభము కాదు. వేగమునిచ్చి బలమును కొనుట. యంత్రము తన వడిని తాను నిలుపుకొనును. బండి మెల్లగా మిట్టనెక్కును. ఇక చదునైన బాటపై ఇదే అమరిక నుంచినచో యంత్రము రొదపెట్టుచు తిరుగునేగాని బండి నత్తనడక నడచును. కావుననే చోటునుబట్టి మార్చుకొనుటకు వేరువేరు గేరులు కావలెను. బెంజ్ బండిలో తోలుపట్టెయు గొలుసులును శక్తిని చక్రములకు అందించుచుండెను; సూత్రము మాత్రమొక్కటే.

దిగుడు త్రోవలలో మరియొక బెడద. కొయ్య బ్రేకులు అరిగిపోవుచుండెను. బెర్తా ఒక చర్మకారునిచేత వానికి తోలు తొడిగించెను. సంధ్యవేళకు వారు ఫోర్ట్‌సైమ్ చేరి, కార్ల్‌కు తంతి పంపిరి.

కొన్నిదినములకు వేరు త్రోవన ఇల్లు చేరిన పిమ్మట ఆమె బండి గుణదోషములన్నిటిని భర్తకు తెలిపెను. మిట్టలెక్కుటకు మరియొక గేరు చేర్చవలెననునది అందు ముఖ్యమైనది. ఆయన ఆ మాట మన్నించి అట్లే చేసెను. ఎన్ని లెక్కలు వేసినను కర్మశాల చదును నేలపై ఆయనకు తెలియని లోపము, బండిని నెట్టినవారి భుజములకు తెలిసినది. ఆ ప్రయాణవార్త నలుదెసల ప్రాకి, బండిపై జనులకు నమ్మకము కలిగించెను.

శతాబ్దము ముగియునాటికి బెంజ్ కర్మాగారము మోటారుబండ్లు చేయువానిలో అగ్రస్థానమునకు వచ్చెను. 1926లో అది డైమ్లర్ సంస్థతో కలిసిపోయెను. కార్ల్ 1929 ఏప్రిల్‌లో లాడెన్‌బుర్గ్‌లో మరణించెను. బెర్తా ఆ పిమ్మట పదునైదేండ్లు జీవించి, తన 95వ జన్మదినము గడచిన రెండు దినములకు, 1944 మే 5న, అదే ఊర కన్నుమూసెను. ఆమె పోయివచ్చిన త్రోవను 2008లో స్మారకమార్గముగా ప్రకటించి, దారిపొడవున ఆమె పేరుగల పలకలు నాటిరి. రాకపోకలు కలిసి ఆ త్రోవ పొడవు 194 కిలోమీటర్లు.