సేనాని జాన్ నారిస్

ఎలిజబెతు రాణి కాలమున ఇంగ్లాండునకు స్థిరమైన సైన్యము లేదు. యుద్ధము వచ్చినప్పుడు జనులను పోగుచేసి పంపుదురు; అది ముగియగానే ఇండ్లకు పంపివేయుదురు. కాబట్టి యుద్ధమే వృత్తిగా గలవాడు పరదేశములకు పోవలసివచ్చెను. అట్లు పోయినవారిలో సర్ జాన్ నారిస్ పేరెన్నికగలవాడు.

అతడు 1547 ప్రాంతమున జన్మించెను. తాతయైన హెన్రీ నారిస్, ఆన్ బొలీన్ రాణితోకూడ నింద మోపబడి 1536లో శిరశ్ఛేదము పొందెను. ఆ రాణి కుమార్తెయైన ఎలిజబెతు ఆ కుటుంబమును మరువలేదు. జాన్ తల్లియైన మార్జరీని స్నేహితురాలిగా ఎంచి, ముద్దుగా కాకి అని పిలుచుచుండెను.

1578లో నెదర్లాండ్సునందు, స్పెయిను రాజుపై తిరుగబడిన వారి పక్షమున రైమెనాము పోరాటములో అతని క్రింద మూడు గుఱ్ఱములు కూలినను అతడు వెనుదీయలేదు. 1581లో ముట్టడిలో చిక్కిన స్టేన్‌వైక్ పట్టణమును విడిపించెను. ఆ యుద్ధములలో సైనికుల జీతములు నెలల తరబడి బాకీ పడుచుండెను. వట్టి కడుపులతో ఉన్నవారిని వరుసలో నిలుపుట శత్రువును గెలుచుటకంటె తక్కువ పని కాదు.

అయితే ఈ కీర్తికి ముందు జరిగిన సంగతి యొకటి కలదు. దానిని విడిచి అతని చరిత్ర చెప్పుట న్యాయము కాదు. 1575 జూలైలో ఎసెక్స్ ప్రభువు ఆజ్ఞచొప్పున నారిస్ ఐర్లండు ఉత్తర తీరమునకు ఎదురుగానున్న రాత్లిన్ ద్వీపముపై దిగెను. మెక్‌డొనెల్ వంశస్థులు తమ స్త్రీలను, పిల్లలను క్షేమముకొరకు అచ్చట ఉంచిరి. కోట లొంగిన పిమ్మట లోనివారిని వధించిరి. గుహలలో దాగినవారినికూడ వెదకి చంపిరి. మృతులు వందల సంఖ్యలో నుండిరి. ఆ వార్తకు రాణి సంతోషించెను. దావీదు చేసినవి యెహోవా యుద్ధములే అయినను, ఒలికించిన రక్తమునుబట్టి మందిరము కట్టు భాగ్యము అతనికి దక్కలేదని చదువరులెరుగుదురు.

1589లో డ్రేక్‌తోకూడ లిస్బనుపైకి పోయిన దండయాత్ర విఫలమాయెను. వేలమంది రోగముచేత నశించిరి. తరువాత బ్రిటనీలో పోరాడి, 1595లో మరల ఐర్లండునకు పంపబడెను. పాత గాయములతో కృశించి 1597లో మాలో పట్టణమున తమ్ముడైన థామస్ ఇంట మరణించెను. రాణి స్వహస్తముతో తల్లికి ఓదార్పు లేఖ వ్రాసెను.

మార్జరీకి ఆరుగురు కుమారులు, అందరును సైనికులే. విలియం 1579లో, మాక్సిమిలియన్ 1593లో, జాన్ 1597లో పోయిరి. 1599లో థామస్, హెన్రీ ఇరువురును ఐర్లండులో తగిలిన గాయములచేత చనిపోయిరి. ఆ సంవత్సరాంతముననే ఆమెయు కన్నుమూసెను. వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలోని సమాధి చిహ్నముపై ఆరుగురును కవచములు ధరించి మోకరించియున్నారు. తల్లిని సాగనంపుటకు బ్రదికియున్నవాడు ఎడ్వర్డు ఒక్కడే.