కార్ నికోబారు ఉపదేశి వేదప్పన్ సాలమన్

ఉద్యోగరీత్యా ఈ దీవులకు వచ్చిన మనలో ప్రతియొక్కరును బదిలీ ఉత్తరువు చేతికందిన దినమున ఒక లెక్క వేసికొందురు. ఎన్ని సంవత్సరము లుండవలెను, సెలవెప్పుడు దొరకును, పిల్లల చదువేమగును అనునవి అందులోని అంశములు. సంసారులకు ఈ లెక్క తప్పదు. 1895లో ఒక దక్షిణాదివాడు ప్రభుత్వపు ఏజెంటుగా నియమింపబడి కార్ నికోబారునకు పోయెను. వెళ్లినవాడు అచటనే పాదుకొనెను. ఆయనయే వేదప్పన్ సాలమన్. నికోబారు వాసులలో ఆయన పేరెరుగనివారు అరుదు. తెలుగువారిలో మాత్రము విన్నవారే తక్కువ.

సాలమన్ గారు చెన్నరాజధానికి చెందిన తమిళ క్రైస్తవుడు. ఆంగ్లికన్ సంఘమున ఉపదేశి. ఉపదేశి యనగా గురుపట్టము లేనివాడు, ప్రార్థన నడుపువాడు, పిల్లలకు చదువు చెప్పువాడు. సంఘపు మెట్లలో చాల క్రింది మెట్టు. నేడు శ్రీవిజయపురమని పిలువబడు నాటి పోర్ట్ బ్లెయిరునుండి ఆయన ఓడ యెక్కినపుడు నికోబారు దీవుల పేరు వినినంతనే జనులు వెనుకాడు కాలము. అందుకు కారణము లేకపోలేదు. 1768లో తరంగంబాడినుండి మొరావియను సంఘపు బోధకులు నాన్ కౌరీ దీవికి వచ్చి, జ్వరములతో పోరాడి, ఒకరి తరువాత నొకరు సమాధులలో చేరిరి. గవ్వలు, పాములు సేకరించి ఐరోపాకు అమ్ముకొని జీవనము గడపిరేగాని, అచటి భాష వారికి సరిగా పట్టుబడలేదు. 1787లో ఆ ప్రయత్నము ముగిసెను. మిగిలివచ్చిన హేన్సెల్ అను నతడు వ్రాసిన లేఖలు 1812లో లండనున అచ్చుపడినవి. వానిని చదివినవారికి ఆ దీవులకు పోవలెనను కోరిక కలుగుట కష్టము. పిమ్మట 1869లో ఆంగ్లేయ ప్రభుత్వము వారు నాన్ కౌరీ రేవున, కమోర్టాలో, ఖైదీల స్థావరము నెలకొల్పిరి. అదియును జ్వరముల పాలై 1888లో ఎత్తివేయబడెను. అటుపిమ్మట నికోబారులో సర్కారు తరఫున నిలిచియుండు మనిషి యవసరమయ్యెను. ఆ అవసరము సాలమన్ గారి నచటికి చేర్చినది.

కార్ నికోబారు పల్లమైన పగడపు దీవి. కొండలు లేవు, తీరమెల్ల కొబ్బరితోటలు. ఆ రోజులలో సుమారు 3,500 మంది జనులుండిరి. గుంజలపై నిలిపిన గుండ్రని కప్పుల యిండ్లు, వెడలుపాటి పందుల మందలు, సముద్రపుటొడ్డున ఎల్పానమను ఊరుమ్మడి స్థలము. అచటనే పురుళ్లకొక యిల్లు, చావులకొక యిల్లు. రూపాయితో పనిలేదు. బియ్యము, బట్ట, పొగాకు, వెండిచెంచాలు, అన్నిటి వెలయును కొబ్బరికాయలలోనే. బర్మా ఓడలు, మనదేశపు ఓడలు, చీనా ఓడలు కాయలకై వచ్చిపోవుచుండెను. చావు వచ్చినను, గాలివాన వచ్చినను దయ్యముల చేష్టయని నమ్మకము. వానిని తరుముటకు తమిలువానా లను మంత్రగాండ్రుండిరి.

మూస్ గ్రామమున సాలమన్ గారు కాపురముండిరి. ఓడల పట్టాలు చూచుట, వర్తకులు మద్యమును తుపాకులను దింపకుండ కనిపెట్టుట, జరిగినదెల్ల వ్రాసి పోర్ట్ బ్లెయిరునకు తెలుపుట ఆయన కొలువు. బడి పెట్టి బాలురకు అక్షరములు నేర్పుట ఆయన పూనిక. ఈ రెండును ఒకే మనిషి చేయుటలో గల చిక్కు పైకి చూచువారికి తెలియదు.

ఆ దీవిలో దయ్యపు హత్య లను ఆచార మొకటి యుండెను. ఎవనికైనను దయ్యము పట్టినదనియు, వానివలన ఊరికి కీడనియు తలచినచో, కొందరు కూడబలుకుకొని రాత్రివేళ వానిని పట్టి, కాలుసేతులు విరిచి, గొంతు పిసికి, శవమును సముద్రమున పడవేయుచుండిరి. వారి దృష్టిలో అది ఊరిని కాపాడు పని. సర్కారు దృష్టిలో నరహత్య. ఇట్టివి జరిగినపుడు సాలమన్ గారు వానిని తన దినచర్యలో వ్రాసిపెట్టిరి. వ్రాసినది అధికారులకు చేరును. విచారణ జరుగును. నిన్నటివరకు తన వాకిట కూర్చుండి మాటలాడిన మనిషికే దండన పడవచ్చును. వ్రాయకున్నచో మరియొకని ప్రాణము పోవును. ఆయుధము లేక, సిపాయిలు లేక, ఆ జనుల నడుమనే నిదురించువాడు ఇట్టి కాగితములు వ్రాయుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో కార్యాలయములలో కాగితములు వ్రాయు మనము ఊహింపవచ్చును. ఆయన చేసినది సరియనియే నా యభిప్రాయము. అయితే అధికారము వెంటనంటియున్న బోధకుని మాట జనులు వెంటనే నమ్మకపోవుటలో వింత లేదు. ఆయన జీవించియుండగా మతము పుచ్చుకొన్నవారు కొద్దిమందియే.

ఆయన దినచర్యయందు ఈ ఘోరములే కాదు, విందులు, తగవులు, ఓడల రాకపోకలు, ఏ యూర ఎవరు గతించిరో ఆ సంగతులును కలవు. 1895 మొదలు 1901 వరకుగల భాగములు నాటి చీఫ్ కమీషనరు రిచర్డ్ టెంపిల్ 1901 జనగణన నివేదికలో చేర్చెను. శాస్త్రజ్ఞుల చదువు చదువని ఒక ఉపదేశి వ్రాతలపై తరువాతి పరిశోధకు లాధారపడిరి.

మన తెలుగునాట బిషప్పు అజరయ్యగారి కథ అందరెరిగినదే. తిరునెల్వేలి సీమనుండి వచ్చిన ఆ తమిళుడు 1909లో డోర్నకల్లు చేరి, తెలుగు నేర్చి, 1912లో అచటి బిషప్పై, నిరుపేద మాల మాదిగ పల్లెలలో తన జీవితము గడపెను. ఆ 1909లోనే సాలమన్ గారు గతించిరి. అజరయ్యగారికి వెనుక సంఘముండెను, తోడు పనివారుండిరి, రైలుబండి యుండెను. సాలమన్ గారికి ఋతుపవనముల నెలలలో సముద్రము తెరిపియిచ్చినగాని ఉత్తరమైనను రాదు. ఇరువురి నెక్కువతక్కువలు చూచుటకు కాదు, ఒకే కాలమున ఒకే ప్రాంతపు మనుషులు ఎంత దూరము నడచిరో తెలియుటకై ఈ మాట వ్రాసితిని.

సాలమన్ గారి బడిలో హా చేవ్ కా అను మూస్ బాలుడొకడు చేరెను. 1884లో పుట్టినవాడు. జ్ఞానస్నానమున వానికి జాన్ రిచర్డ్సన్ అను పేరు వచ్చెను. చదువుకై బర్మాలోని మాండలేకు పోయెను. అచటనే యుండిపోయినచో మంచి కొలువు దొరకియుండెడిది. 1912లో అతడు తిరిగివచ్చి బడి పని చేపట్టునాటికి గురువు లేడు. ఇతడు గురువువలె పరాయివాడు కాడు. సొంత ఊరి భాష యితని నోట నుండెను. 1913లో మత్తయి సువార్త కార్ నికోబారు భాషలో అచ్చుపడెను. ఆ పనియందు ఇతని చేయి యుండెను. 1942లో జపానువారు దీవిని పట్టిరి. వారి యేలుబడిలో ఇతని కుమారుడు చంపబడెను, ఇతనికిని మరణశిక్ష విధింపబడెను. 1945లో యుద్ధము ముగియుటచే ప్రాణము దక్కెను. 1950లో ఇతడు బిషప్పాయెను. ఆ యేడే నూతన నిబంధన మొత్తము ఆ భాషలో వెలువడెను. 1952లో రాష్ట్రపతి యితనిని మొదటి లోకసభకు నామినేటు చేయగా, అండమాను నికోబారు దీవుల పక్షమున ఢిల్లీ సభలో కూర్చుండెను. 1965లో పద్మశ్రీయు, 1975లో పద్మభూషణుమును పొంది, 1978లో దివంగతుడాయెను.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో మూస్ తీరమున నున్న యిండ్లు సముద్రము పాలైనవి. బ్రతికినవారు లోపలి మెరకకు తరలి కొత్తగా కట్టుకొనిరి. గుంజల యిండ్లను, ఎల్పానమును, పందుల విందులను నాటి రూపమున చూడగోరువారు ఇపుడు సాలమన్ గారి దినచర్యనే తెరవవలెను.