చక్రవర్తి జనని లెటీజియా

నెపోలియన్ పేరు విననివారు అరుదు. ఆతడు గెలిచిన యుద్ధములను, ఓడిన వాటర్లూ రణమును పాఠశాల బాలురు సైతము చెప్పగలరు. కాని ఆతనిని కని పెంచిన తల్లి కథ ఆ యుద్ధకథల మరుగున పడిపోయినది. సింహాసనములు వచ్చినపుడు పొంగక, పోయినపుడు క్రుంగక 85 సంవత్సరములు జీవించిన ఆ ఇల్లాలి పేరు లెటీజియా. ఆమె పుట్టిన అజాక్సియో పట్టణపు మ్యూజియములలో ఆమె రూపమును చూపు చిత్రములును, శిల్పములును నేటికిని భద్రముగా నున్నవి. వానియందు మనకు రాజమాత కనబడును. ఆ రాజమాత వెనుకనున్న గృహిణిని తెలిసికొనుటకు మాత్రము ఆమె జీవితమును పరికింపవలెను.

కోర్సికా మధ్యధరా సముద్రమునందలి కొండల దీవి. అజాక్సియో దాని పడమటి తీరమునందలి రేవుపట్టణము. లెటీజియా రమోలినో అచ్చట 1750 ప్రాంతమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. తల్లి మరల వివాహమాడగా 1763లో జోసెఫ్ ఫెష్ అను తమ్ముడు కలిగెను. లెటీజియాకు పుస్తకవిద్య అంతగా అబ్బలేదు. 1764లో, పదునాలుగేండ్ల ప్రాయమున, కార్లో బోనపార్టు అను యువకునితో ఆమెకు పెండ్లి జరిగెను. ఆమె 13 మంది బిడ్డలను కనెను. ఐదుగురు శైశవముననే మరణింపగా, ఐదుగురు కుమారులును, ముగ్గురు కుమార్తెలును మిగిలిరి.

ఆ దినములలో కోర్సికా స్వాతంత్ర్యముకొరకు పోరాడుచుండెను. 1768లో జెనోవా ప్రభుత్వము ఆ దీవిని ఫ్రాన్సునకు అప్పగించెను. పావోలీ అను నాయకుని క్రింద ద్వీపవాసులు ఫ్రెంచిసేనల నెదిరించి 1769 మే నెలలో పోంటె నోవో కడ ఓడిపోయిరి. కార్లో పావోలీ పక్షమువాడు. గర్భవతియైన లెటీజియా భర్త వెంట కొండదారులలో కష్టములకోర్చి తిరిగెను. ఓటమి పిమ్మట ఇల్లు చేరిన ఆమెకు ఆ యేడు ఆగస్టు 15వ తేదీన నెపోలియన్ జన్మించెను.

1785లో కార్లో ఫ్రాన్సుదేశమున మోంపెలియే నగరమున వ్యాధిచే మరణించెను. అప్పటికి లెటీజియాకు ఇంచుమించు ముప్పదియైదేండ్లు. కడగొట్టు బిడ్డ జెరోముకు నిండ నాలుగు నెలలు లేవు. ఆదాయము స్వల్పము, అక్కరలు అనేకము. ఆమె ప్రతి కాసును లెక్కించి వ్యయము చేసెను. బిడ్డల క్రమశిక్షణయందు ఆమె కఠినురాలు. అవ్వ నడకను వెక్కిరించిన నెపోలియన్‌ను దండింపక విడువలేదని చెప్పుదురు. తన పట్టుదలకును, క్రమమునకును మూలము తల్లి పెంపకమేయని ఆతడు పెద్దవాడైన పిదప ఒప్పుకొనుచుండెను.

1793లో మరియొక విపత్తు కలిగెను. ఫ్రెంచి విప్లవకాలమున బోనపార్టులకును, పావోలీకిని విరోధము పుట్టెను. పావోలీ పక్షమువారు వచ్చుచున్నారని తెలిసి లెటీజియా చిన్నబిడ్డలతో రాత్రివేళ ఇల్లు విడిచి పారిపోయెను. వెనుక ఆమె గృహము కొల్లగొట్టబడెను. ఓడయెక్కి తూలోను చేరి, అచ్చటినుండి మార్సెయి నగరమునకు పోయి, కాందిశీకులకు ప్రభుత్వమిచ్చు సాయముతో ఆ కుటుంబము కాలము గడపెను. కుమారుడు సేనాపతియై కీర్తి గడించిన పిమ్మట 1797లో ఆమె స్వగ్రామము చేరి, పాడైన ఇంటిని మరల బాగుచేయించెను. నేడు యాత్రికులు దర్శించు బోనపార్టు గృహము అదియే.

1804లో నెపోలియన్ చక్రవర్తి యాయెను. లెటీజియాకు చక్రవర్తి మాత యను బిరుదము, ప్యారిసులో భవనము, ఏటేట విశేష ధనము లభించెను. కుమారులలో జోసెఫ్, లూయీ, జెరోము రాజులైరి. మహాచిత్రకారుడు జెరార్ ఆమె చిత్రమును వ్రాసెను. ఇటలీ శిల్పి కనోవా, ప్రాచీన రోము నాటి ఆసీన స్త్రీమూర్తి ననుసరించి, ఆమెను పీఠముపై కూర్చున్న రాణివలె పాలరాతియందు మలచెను. ఆ శిల్పము కాలక్రమమున ఇంగ్లండు చేరి చాట్స్‌వర్త్ భవనమున నున్నది.

అన్నిటికంటె ప్రసిద్ధము డావిద్ వ్రాసిన పట్టాభిషేక చిత్రము. ప్యారిసునందలి లూవ్ర్ మ్యూజియములో ఒక గోడనంతయు ఆక్రమించియున్న ఆ చిత్రమున, నడుమ ఉన్నతస్థానమున రాజమాత కూర్చుండి కుమారుని వైభవమును తిలకించుచున్నట్లు కానవచ్చును. కాని 1804 డిసెంబరు 2వ తేదీన ఆమె ఆ దేవాలయమున లేనేలేదు. నెపోలియన్‌కు ఇష్టములేని పెండ్లి చేసికొని ఆతని ఆగ్రహమునకు పాత్రుడైన లూసియన్ అప్పుడు ఇటలీలో నుండెను. తల్లి ఆ కుమారునికడ నుండి, వేళకు ప్యారిసు చేరలేదు. కిరీటము ధరించు బిడ్డకంటె దూరమైన బిడ్డకు తల్లి తోడు అవసరమని ఆమె యెంచెను కాబోలు. చక్రవర్తి ఆజ్ఞ చిత్రకారుని కుంచెను నడపగలిగెను. తల్లి మనస్సును నడపలేకపోయెను.

ఆ వైభవమంతయు నిలుచునని ఆమె నమ్మలేదు. ప్యారిసు ప్రభువర్గము ఆమె పొదుపును చూచి లోభమని నవ్వెను. ఆమె మాత్రము సొమ్ము కూడబెట్టుచునే యుండెను. 1814లో సామ్రాజ్యము కూలగా, ఆ సొమ్మే బిడ్డలను ఆదుకొనెను. నెపోలియన్ ఎల్బా దీవికి పంపబడినపుడు, అరువదినాలుగేండ్ల ఆ వృద్ధ సముద్రము దాటి పోయి కుమారునికడ నివసించెను. వాటర్లూ పిమ్మట 1815 జూన్ మాసమున ఆతనిని కడసారి చూచెను.

ఆపై ఆమెకు రోము నగరమున ఆశ్రయమిచ్చినవాడు ఏడవ పయస్ పోపు. నెపోలియన్ ఏండ్లతరబడి బందీగా నుంచిన మతగురువే ఆతని తల్లికి నీడనిచ్చెను! 1820లో పెద్దకూతురు ఎలీసా, 1821లో నెపోలియన్, 1825లో పోలీన్, 1832లో మనుమడు మరణించిరి. సెంట్ హెలీనా దీవినుండి కుమారుని దేహమునైన ఇప్పింపుమని ఆమె ఆంగ్లప్రభుత్వమును వేడుకొనెను. ఆ కోరిక ఫలింపలేదు. తుంటియెముక విరిగి నడక పోయెను, చూపు పోయెను. కొడుకు ముఖమును చెక్కిన శిల్పమును సైతము చూడజాలని స్థితిలో 1836 ఫిబ్రవరి 2వ తేదీన ఆమె కన్నుమూసెను. నెపోలియన్ అస్థులు ప్యారిసు చేరినది 1840లో.

లెటీజియా దేహము 1851లో అజాక్సియోకు తేబడి, 1860లో అచ్చటి బోనపార్టుల ప్రార్థనామందిరమున నిక్షిప్తమాయెను. కార్లో అస్థులు 1951లో అచ్చటికే వచ్చినవి. ఆ మందిరము ప్రక్కనే ఫెష్ మ్యూజియము కలదు. మతగురువై ప్రఖ్యాతి గాంచిన ఆమె తమ్ముడు ఫెష్, జీవితమంతయు సేకరించిన చిత్రములలో వేయింటిదాక స్వగ్రామమునకు వ్రాసియిచ్చెను. అందువలన ఆ చిన్న పట్టణము గొప్ప కళానిలయ మాయెను.

మ్యూజియములోని చిత్రము ఆమె పట్టుబట్టలను చూపును. శిల్పము ఆమె ఠీవిని చూపును. ఆమె బాగుచేయించిన ఇల్లు ఆమె ఓర్పును చూపును. చక్రవర్తి గెలిచిన రాజ్యములలో ఒక్కటియు ఆతనికి మిగులలేదు. తల్లి నిలిపిన ఇల్లు మాత్రము నేటికిని నిలిచియున్నది.