మంచుదేశంలో మన భీమవరం డాక్టరు
పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టరు పని - యల్లాప్రగడ సుబ్బారావు తొలి రోజులు

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో పుట్టి, అమెరికాలో పరిశోధనలు చేసి, ప్రపంచానికి ఎన్నో మందులు అందించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు జిల్లావాసులకు కొత్త కాదు. అయితే ముక్కూమొహం తెలియని ఆ మంచుదేశంలో ఆయన తొలి రోజుల్లో ఎలా నిలదొక్కుకున్నారో, అందుకు ఆయనా, ఇక్కడి కుటుంబమూ ఎంత మూల్యం చెల్లించారో తెలిసినవారు తక్కువ. చదువు ముగించుకుని తిరిగి రావాలన్న తలంపుతో 1922లో బయలుదేరిన ఆయన ఇరవై ఆరేళ్ళపాటు అక్కడే ఉండి, అక్కడే కన్నుమూశారు.

అన్నదమ్ముల మరణం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన త్వరగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పెద్ద సంసారం, చాలీచాలని రాబడి. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద అంతగా మనసు నిలవలేదు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి వెళ్ళగా, తల్లి పట్టుబట్టి వెనక్కు రప్పించారు. రాజమండ్రిలోనూ తర్వాత మద్రాసులోనూ చదివి, మూడోసారికి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తండ్రి పోయాక కొడుకు చదువు కోసం తల్లి తన నగలు అమ్ముకున్నారు.

ఒక దశలో ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919 మే 10న శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుడి చదువుకు అండగా నిలిచారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం ఇంట్లో జరిగిన ఘోరం. ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. మనవారు సంగ్రహణి అని చెప్పుకొనే జబ్బు వంటిదే ఇది. తిన్న అన్నం ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి నానాటికీ శుష్కించిపోతాడు. ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దానికి సరైన మందు లేదు. తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. ఈ వ్యాధులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పుడే ఆయనలో నాటుకుంది.

ఖద్దరు తెచ్చిన చిక్కు

వైద్య కళాశాలలో ఉండగా గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. చదువులో వెనుకబడకపోయినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని చూసినా చోటు దొరకలేదు. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరరుగా చేరారు.

అక్కడ పనిచేస్తూనే అమెరికా వెళ్ళే ప్రయత్నాలు సాగించారు. బోస్టన్‌లోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు ఇచ్చారు కాని స్కాలర్‌షిప్పు ఇవ్వలేదు. కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సహాయంతో ఎట్టకేలకు ప్రయాణం కుదిరింది. భార్యను పుట్టింట ఉంచి ఆయన ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు.

తొలి చలికాలం

మన ప్రాంతంవారు అక్కడ అడుగుపెట్టడానికి అది అనువైన కాలం కాదు. అట్లాంటిక్ సముద్రం ఒడ్డునున్న బోస్టన్‌లో అక్టోబరు చివరికే చెట్లు ఆకులు రాల్చేస్తాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుంది. జనవరిలో రాత్రివేళ ఉష్ణోగ్రత నీళ్ళు గడ్డకట్టే మట్టానికి అయిదారు డిగ్రీలు కిందికి దిగడం అక్కడ మామూలు. చలికాలం మొత్తం మీద సగటున మూడు నాలుగు అడుగుల మంచు కురుస్తుంది. కురిసినది కురిసినట్టు కరిగిపోదు. తొక్కుడుపడి గట్టిపడి, అడుగు వేస్తే జారుతుంది. సంక్రాంతి చలికే దుప్పటి కప్పుకొనే డెల్టా ప్రాంతం మనిషికి ఇదంతా ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పైగా అలాంటి ఊళ్ళో మన పల్లెల్లోలాగా తక్కువ ఖర్చుతో రోజు గడవదు. గది అద్దె కట్టాలి. ఆ గది వెచ్చగా ఉండాలంటే బొగ్గు మండాలి. నూలు బట్టలు పనికిరావు, ఉన్ని కోటు, చేతి తొడుగులు, దళసరి బూట్లు కావాలి. దానంగా వచ్చిన డబ్బుతో బయలుదేరిన విద్యార్థికి ఇవన్నీ బరువే. పాఠశాల అధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయన పట్ల ఆదరం చూపారు. అయినా బతకడానికి ఏదో ఒక పని చేయక తప్పలేదు.

వైద్యపట్టా ఉంది కదా, డాక్టరుగా ఎందుకు చేయలేదని సందేహం కలుగుతుంది. మద్రాసు ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కడి ఆసుపత్రుల్లో డాక్టరు కొలువుకు చాలలేదు. అందువల్ల హార్వర్డ్ వైద్య కళాశాల పక్కనే ఉన్న పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో నైట్ పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు తీసి శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారు అలాంటి పని చేయడం ఆ రోజుల్లో ఇక్కడ ఊహకు కూడా అందని విషయం. పైగా ఆయన స్వయంగా డాక్టరు. రాత్రి ఆ పని, పగలు పాఠాలు. ఆ విధంగా చదువుకునే ఆయన ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా సంపాదించారు.

ఉత్తరాల సంసారం

ఆయన బోస్టన్‌లో ఉండగానే ఇక్కడ శేషగిరికి కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి కొడుకును ఒక్కసారైనా చూడలేదు. ఆ రోజుల్లో విమానపు తపాలా లేదు. ఓడలో వెళ్ళే ఉత్తరం చేరడానికే వారాలు పట్టేది, దానికి జవాబు రావడానికి మళ్ళీ అంత కాలం. శుభమైనా అశుభమైనా అది పాతబడిన తర్వాతే తెలిసేది. భార్యాభర్తల మధ్య మిగిలిన అనుబంధం ఆ ఉత్తరాలే. శేషగిరి మళ్ళీ భర్త ముఖం చూడలేదు.

డిప్లొమా చేతికి వచ్చాక ఆయన తిరిగి వచ్చి ఉండవచ్చు. కాని ఆయన వెళ్ళింది డిప్లొమా కోసం కాదు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు ఇంకా దొరకలేదు. దాని కోసం వెదకడానికి కావలసిన ప్రయోగశాల మద్రాసులో ఆయనకు ఎవరూ ఇవ్వరు. ఆయన హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పనికి చేరారు.

నీలి రంగు పరీక్ష

అక్కడ ఆయనకు త్వరలోనే పేరు వచ్చింది. రక్తంలోనూ, మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో కొలిచే సులువైన పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే ఆ రంగు అంత చిక్కగా ఉంటుంది. ఈ పద్ధతి ఇద్దరి పేర్ల మీదనే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కండరాలు పనిచేసేటప్పుడు శక్తిని సమకూర్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వారు వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పిహెచ్.డి. ఇచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయాన్ని వదిలి, న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న పెరల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. పరిశోధనా విభాగం డైరెక్టరు అయ్యారు.

చట్టం కూడా పరాయిదే

ఆయన్ను ఆ దేశంలో పరాయివాణ్ణి చేసింది చలి ఒక్కటే కాదు. 1917 నాటి చట్టం భారతీయులు అక్కడికి వలస వెళ్ళకుండా నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉంది. సుబ్బారావు వెళ్ళిన తొలి చలికాలంలోనే, 1923 ఫిబ్రవరిలో, భగత్‌సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1924లో వచ్చిన మరో చట్టం వలసను ఇంకా కఠినం చేసింది. 1940లో విదేశీయులందరూ వేలిముద్రలు ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలని ఉత్తరువు వచ్చింది. 1946లోనే భారతీయులకు పౌరసత్వం దారి తెరుచుకుంది. అప్పటికి సుబ్బారావు వెళ్ళి ఇరవై నాలుగేళ్ళు. అమెరికా పౌరుడు కాకుండానే ఆయన జీవితం ముగిసింది.

ఫలించిన పంతం

పెరల్ రివర్‌లో ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. టామ్ స్పైస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి మంచి ఫలితాలు చూపించారు. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న వ్యాధికి మందు దొరకడానికి సుమారు పాతికేళ్ళు పట్టింది. గర్భిణీలకు రక్తహీనత రాకుండా ఆరోగ్య కేంద్రాల్లో ఇనుముతో కలిపి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర అదే.

1947లో ఆయన బృందం హెట్రజాన్ అనే మందును వెలువరించింది. ఇది బోదకాలు వ్యాధికి కారణమయ్యే ఫైలేరియా సూక్ష్మక్రిములను రక్తంలో లేకుండా చేస్తుంది. బోదకాలు అంటే ఏమిటో గోదావరి డెల్టా వారికి చెప్పనవసరం లేదు. రాత్రిపూట ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకునే సిబ్బందినీ, ఆ తర్వాత ఇచ్చే మాత్రలనూ ఈ ప్రాంతం ఏళ్ళ తరబడి చూసింది. డి.ఇ.సి. అని పిలిచే ఆ మాత్రే హెట్రజాన్.

అదే కాలంలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. కొందరికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మందులతో క్యాన్సరుకు చేసే చికిత్సలో అది తొలి అడుగుల్లో ఒకటి. ఆ పిల్లల ఆసుపత్రి, పాతికేళ్ళ కిందట సుబ్బారావు రాత్రిళ్ళు పాత్రలు కడిగిన ఆసుపత్రి ఉన్న పేటలోనే ఉంది. ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా ఆ ఏడాదే వెలుగు చూసింది.

1948 ఆగస్టులో సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. స్వదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది కూడా నిండలేదు. స్వతంత్ర భారతాన్ని ఆయన కళ్ళారా చూడలేదు.

పేరు కంటే పని

తాను చేసిన పనికి ప్రచారం కోరుకోని మనిషి కావడం వల్ల బతికి ఉండగా ఆయన పేరు సామాన్యుల దాకా రాలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు.

గోదావరి జిల్లాల నుంచి చదువుల కోసం మంచుదేశాలకు వెళ్ళే యువకులు నేడు వందల సంఖ్యలో ఉన్నారు. అక్కడ చదువుకుంటూ హోటళ్ళలోనో దుకాణాల్లోనో పనిచేయవలసి వస్తే, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోవడానికి కొందరు చిన్నతనంగా భావిస్తారు. వారికంటే వంద సంవత్సరాల ముందు భీమవరం డాక్టరు ఒకరు మంచు కురిసే రాత్రుల్లో రోగుల మలమూత్రాలు ఎత్తి చదువుకున్నారని వారికీ, వారి తల్లిదండ్రులకూ తెలియడం మంచిది. ఆయన కీర్తితోపాటు, ఆ కీర్తి కోసం ఏళ్ళ తరబడి ఒంటరిగా మిగిలిన శేషగిరి పేరు కూడా తలచుకోవడం న్యాయం.