తాళ్ళపాక అన్నమాచార్యులు: విశ్వాసమును సాక్ష్యమును

తిరుచానూరునకు వచ్చు యాత్రికులు అలమేలుమంగను సేవించిన పిమ్మట చెప్పుకొను కథలలో నొకటి గలదు. ఇల్లు విడిచి వేంకటాచలమెక్కుచున్న యొక బాలుడు ఆకటిచేతను ఎండచేతను సొమ్మసిల్లి బండపై పడియుండగా, ఈ యమ్మయే పెద్దముత్తైదువ రూపమున వచ్చి, కొండయంతయు సాలగ్రామమయమని చెప్పి పాదరక్షలు విడిపించి, ప్రసాదము తినిపించెనట. బాలు డప్పుడే యామెపై శతకము చెప్పెనట. ఆ బాలుడే తాళ్ళపాక అన్నమాచార్యులు.

మేము బ్రాహ్మసమాజమునకు జెందినవారము. నిరాకారుడగు నొక్క పరమేశ్వరునే యుపాసించువారము. ఇట్టి కథ చెవినిబడిన తోడనే త్రోసివేయుట మాకు చిరకాలాభ్యాసము. అయితే కథతోపాటు మనుష్యునిగూడ త్రోసివేసితిమి. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ మహాపురుషుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అన్నమాచార్యులు కడపమండలములోని తాళ్ళపాక గ్రామమున నందవరీక బ్రాహ్మణకులమున జన్మించెను. తండ్రి నారాయణసూరి; తల్లి లక్కమాంబ. వంశము స్మార్తమైనను, ఆయన వేంకటాద్రియందు ఘనవిష్ణువను వైష్ణవాచార్యునివలన దీక్ష గైకొనెను. అహోబలమున శఠకోపయతియొద్ద వేదాంతము నేర్చెను. పుట్టిన మతమును విచారణమీద విడిచి, తనకు సత్యమని తోచిన దానిని పట్టుకొన్నవాడని మన మిందు గమనింపవలెను. ఆయన భార్యలలో నొకతె యగు తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించెను. తెలుగున తొలి కవయిత్రి యామెయే యని పలువురు పండితులు తలంతురు. స్త్రీవిద్యకై పాటుపడు మాబోటివారికి ఈ యొక్క విషయమే చాలును, ఆ గృహమునకు నమస్కరించుటకు.

టంగుటూరున నుండిన సాళువ నరసింహుడు ఆయనను మన్నించి చేరదీసెను. ఈ నరసింహుడే పిదప 1485 ప్రాంతమున విజయనగర సింహాసనమెక్కెను. ఒకనాడు దేవునిపై పాడిన శృంగారపదమును విని మెచ్చి, అట్టిదే తనపైనను చెప్పుమని రాజు కోరెను. కవి చెవులు మూసికొని నిరాకరించెను. రాజాగ్రహమున పెనుగొండ చెరసాలలో సంకెలలు పడెను. దైవమును ప్రార్థింపగా నా సంకెలలు తమంత తామే యూడిపడెననియు, రాజు పశ్చాత్తప్తుడై మన్నింపు వేడెననియు చెప్పుదురు. ఆయన 1503వ సంవత్సరమున పరమపదించెను.

ఆయన కుమారుడగు పెదతిరుమలాచార్యుడు సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించెను. వేంకటేశ్వరాలయమునందలి సంకీర్తనభండారమను చిన్నగదిలో అవి భద్రపరుపబడెను. కాలక్రమమున రాజ్యములు మాఱెను. పాటలు నోట నిలువలేదు. రేకులు మాత్రము చీకటిలో నిలిచెను.

ఇచ్చట నొక విచిత్రమును చెప్పవలసియున్నది. కంపెనీ కొలువునందుండి తెలుగు వ్యాకరణమును వ్రాసిన క్యాంబెల్ దొరగారు, తిరుపతి కోవెలలో రాగిరేకులపై చెక్కిన కావ్యములు గలవని విని, వానిని పరీక్షింపజేసెను. వ్యాకరణగ్రంథ మొకటి దక్క తక్కినవన్నియు దేవతాస్తోత్రములని తేలెను. 1816వ సంవత్సరమున ప్రకటించిన తన గ్రంథమున నీ మాటను వ్రాసి, దొర యంతటితో విడిచెను. నిధి చేతికందినది, వెదకినది వేఱొకటి యగుటచే నిధియని తెలియకపోయినది. దొరను నిందించుటకు మాకు నోరాడదు. వట్టి స్తోత్రములని యాయన విడిచెను. విగ్రహారాధకుల పాటలని మేము విడిచితిమి. ఇరువురి కన్నులకును తెరయైనది ముందుగా నేర్పరచుకొన్న విశ్వాసమే.

దేవస్థాన శాసనములను పరిశోధించి 1930లో నివేదిక ప్రకటించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారును, పిదప వేటూరి ప్రభాకరశాస్త్రిగారును ఈ రేకులకై పాటుపడిరి. కవి మనుమడగు చినతిరువేంగళనాథుడు ద్విపదలో వ్రాసిన అన్నమాచార్య చరిత్రమును ప్రభాకరశాస్త్రిగారు కనుగొని 1949లో ప్రకటించిరి. నేడు పండ్రెండువేలకు పైబడిన సంకీర్తనములు మనకు దక్కినవి.

న్యాయస్థానమున సాక్షుల నడుగు వృత్తి మాది గనుక, ఈ సాక్ష్యమును తూచి చూతము. రాగిరేకు మీది వ్రాత శాలివాహన శకము 1346, క్రోధి సంవత్సరమున కవికి పదునారేండ్లనియు, 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశివఱకు పాటలు చెప్పెననియు తెలుపుచున్నది. జననము 1408 అని దీనివలననే లెక్క కట్టిరి. ఇది కొడుకు నాటి పత్రము. తిథివార మెఱిగిన సాక్షి. మనుమని ద్విపద భక్తుని సాక్ష్యము. ముప్పదిరెండువేల పాటలని యతడు చెప్పెను. లభించినవి అందు సగమైనను లేవు. సంకెలలూడిన కథకు ఆ ద్విపదయే యాధారము. సంకెలలు వేయునప్పుడు నామస్మరణమే దిక్కని చెప్పు కీర్తన యొకటి గలదు గాని, అందు రాజు పేరు లేదు. కావున ఇనుము కరగినదని మేము నమ్మజాలము. అయితే హరిని పొగడిన నాలుక యితరులను పొగడనొల్లదను భావము గల కీర్తన రేకులపై నున్నది. నరస్తుతిని నిరాకరించిన ధైర్యమునకు కవి మాటయే సాక్ష్యము. అద్భుతము తొలగినను మనుష్యుడు తఱిగిపోలేదు, పెరిగెను.

ఇంకొక సాక్ష్యము మమ్ము తలవంచునట్లు చేసినది. పరబ్రహ్మమొక్కటే యనియు, ఏలువానికిని కొలుచువానికిని నిద్ర సమానమే యనియు, బ్రాహ్మణుడును చండాలుడును పాదమూను నేల వేఱుగాదనియు అన్నమాచార్యులు పాడియున్నాడు. రామమోహనరాయలవారు పుట్టుటకు మూడువందల యేండ్లకు ముందే, మన భాషలో, మన కొండపై ఈ మాట పుట్టెను. ఏకేశ్వరభావము మనకు వంగదేశమునుండి వచ్చిన క్రొత్తసరకని ఎగతాళి చేయువారికి ఇది సమాధానము. అట్లే నమ్మిన మాకును ఇది సమాధానము.

అట్లని అన్నమాచార్యుని బ్రాహ్మసమాజికునిగా చేయబూనుట మఱియొక యసత్యమగును. ఆయన శ్రీవైష్ణవుడు, వేంకటేశ్వరుని మూర్తియెదుటనే పాడెను, అలమేలుమంగను తల్లియని కొలిచెను. మనకు నచ్చిన పాటను చేకొని, నచ్చని వేలపాటలను దాచిపెట్టినచో, మేము ఖండించు పురాణకర్తలకును మాకును భేదమేమి? సాక్ష్యము ప్రతిపక్షమువారినే గాక, దానిని తెచ్చిన వానినిగూడ బంధించును.

సోదరులారా! తిరుచానూరు యాత్రికుడు చెప్పు కథను నమ్మవలసిన పనిలేదు. నవ్వవలసిన పనియు లేదు. ఆకలిగొన్న బాలుని కొక తల్లి యన్నము పెట్టెనను నమ్మకమునుండి ఎన్ని వేల పాటలు పుట్టెనో రేకులు చెప్పుచున్నవి. తెఱవని గదులు మన యిండ్లలోను, మన మనస్సులలోను ఇంకెన్ని గలవో! అందున్నది మన కనుకూలమైనను కాకున్నను దీపము పట్టి చదువగల ధైర్యమును సత్యస్వరూపుడగు పరమేశ్వరుడు మన కనుగ్రహించుగాక.